స్వీకరించే ఇల్లు

"ఒక్క గంటలో వచ్చేస్తానమ్మా. ఇంటి యజమాని సంతకం ఒక్కటే తక్కువ. అది పెట్టించుకొచ్చేస్తే మీకూ పని తీరిపోతుంది. మీరు కూచోండి" అని చెప్పి, బట్టలు కుట్టే మిషనమ్మ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాక, ఆ రెండు గదుల ఇంట్లో ప్రొబేషన్ ఆఫీసరు ఒక్కతే మిగిలింది. గోడ గడియారం రెండు చూపిస్తోంది. కూచోవడం ఆమెకు కొత్తేమీ కాదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆమె తనకు తానే పెట్టుకున్న నియమం ఒకటుంది: శిక్ష అనుభవిస్తున్న పిల్లల్ని ఏ ఇంటికి విడుదల చేయమని రాయబోతుందో ఆ ఇంట్లో ఓ గంటసేపు ఊరికే కూచోవాలి. ఇళ్ళు కూడా మనుషుల్లాంటివే, మొదటి పావుగంటా కొత్త దుప్పటి కప్పుకుని మర్యాదగా ఉంటాయి, ఆ తరువాత అలసిపోయి ఉన్నదున్నట్టు కనబడతాయి. ఈ ఇల్లు మాత్రం అలసిపోయేలా లేదు. మిషను మీద సగం కుట్టిన గౌను చెయ్యి సూది కింద అలాగే ఆగి ఉంది. వీధి ఎండలో మాడుతోంది, లోపల మాత్రం చల్లగా, కొత్త గుడ్డ వాసనతో, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టుగా ఉంది. వెళ్ళింది మిషనమ్మే కదా అని ఆమె తనకు తాను చెప్పుకుంది. కాని మిషనమ్మ లేచి వెళ్ళింది ఈ గదిలోంచి, ఆ ఎవరో వెళ్ళినట్టున్నది మాత్రం లోపలి గదిలోంచి.

ఒళ్ళో ఫైలుంది. సాయంత్రం అయిదు లోపల నివేదిక విడుదల బోర్డు ఆఫీసుకి చేరాలి, రేపు పొద్దున బోర్డు కూర్చుంటుంది, ఇంకో తొమ్మిది రోజుల్లో ఈ ఫైల్లోని పిల్లకి ఇరవై ఒకటి నిండుతాయి. పద్దెనిమిది దాటకుండా నేరం చేసినవాళ్ళని ఇరవై ఒకటి దాకా బాలనేరస్థుల హోమ్‌లో ఉంచుతారు, ఆపైన మిగిలిన శిక్ష పెద్ద జైల్లో. ఈ పిల్లకి మిగిలింది ఏడేళ్ళు. మధ్యలో ఒకే ఒక్క తలుపు ఉంది, బోర్డు. ఆ బోర్డు అడిగేవి మూడే మూడు: ఎక్కడ ఉంటుంది, ఏం చేసుకుని బతుకుతుంది, చేసినదానికి బాధపడుతోందా. రెండోదానికి జవాబుంది, హోమ్‌లో పుస్తకాల బైండింగ్ నేర్చుకుంది, ఆమె కుట్టిన రిజిస్టరు తాళ్ళు పదేళ్ళయినా ఊడవని సూపరింటెండెంటే చెబుతుంది. మొదటిదానికే ఎవరూ దొరకలేదు. పిల్లకి తల్లీ తండ్రీ లేరు. అన్న ఒకడున్నాడు, వాడు ఒక్క వాక్యం రాసి పంపాడు, మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు అని. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ హాస్టలుకి రాస్తే అక్కడి వార్డెను ఫైలు చదివి తిప్పి పంపేసింది. అప్పుడు వచ్చింది మిషనమ్మ దరఖాస్తు. కాగితంలో 'స్వీకరించే ఇల్లు' అని ఒక గడి, దాని కింద 'బాధిత కుటుంబం అభిప్రాయం' అని ఇంకో గడి. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ రెండు గడుల్లోనూ ఒకే చేతిరాత, ఒకే సంతకం. చంపిన పిల్లని, చచ్చిపోయిన పిల్ల తల్లి, నా ఇంటికే పంపండి అంటోంది.

ఆఫీసులో గుమాస్తా ఆ దరఖాస్తు చూసి, దేవతమ్మా ఆవిడ, అన్నాడు. సూపరింటెండెంటు, ఏమో మేడమ్, దేవతలంటే నాకు భయం, అంది. అయిదేళ్ళుగా నెలనెలా మిషనమ్మ హోమ్‌కి వస్తోందనీ, కమ్మీల అవతల కూచుని ఆ పిల్లని రెప్పవేయకుండా చూస్తుందనీ, పేరుపెట్టి కాకుండా 'పిచ్చుకా' అని పిలుస్తుందనీ అందరికీ తెలుసు. పిచ్చుక అంటే పోయిన కూతురి ముద్దుపేరు. మొదట్లో కాపలావాళ్ళు గుసగుసలాడేవారు, తరువాత అలవాటైపోయి వాళ్ళూ నవ్వులాటకి అలాగే పిలవడం మొదలుపెట్టారు. పోయిన నెల ఆఫీసరు మాట్లాడడానికి వెళ్ళినప్పుడు ఆ పిల్ల బైండింగ్ బల్ల దగ్గర అటు తిరిగి కూచుని ఉంది. ఫైల్లో ఉన్న పేరుతో మూడుసార్లు పిలిచింది. వినబడలేదేమో అనుకుంది. పక్కనున్న కాపలామనిషి మామూలు గొంతుతో "పిచ్చుకా" అంది, వెంటనే మెడ తిరిగింది. ఆ తిరగడం ఆఫీసరుకి ఇప్పటికీ కళ్ళముందే ఉంది, నిద్రలో ఉన్నవాళ్ళు ఒత్తిగిల్లినట్టు.

లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. పడుకునే చోటు చూడాలని నిబంధన ఉంది. ఒక మంచం, కిటికీ వైపు తల. దుప్పటి ఉతికిందే, కాని నిన్నటిది. తలగడ మధ్యలో గుంట ఉంది. గూట్లో సబ్బు, అద్దం, దువ్వెన, గ్లాసులో రెండు పళ్ళబ్రష్షులు, ఒకటి ఎర్రది ఒకటి పచ్చది. ఇంట్లో ఉండేది ఒక్క మనిషి. ఎందుకు ముట్టుకుందో ఆమెకే తెలియదు, వేలు పెట్టి చూస్తే రెండూ తడిగానే ఉన్నాయి. ఆ వేలిని చీర కొంగుకి తుడుచుకుంటూ, ఇందులో ఏముంది, కొత్త బ్రష్షు కడిగి పెట్టి ఉంటుంది అనుకుంది. కాని పచ్చ బ్రష్షు కుచ్చు అరిగి పక్కలకి విచ్చుకుని ఉంది. కొక్కేలకి గౌన్లు, పొడుగుచేతుల చొక్కాలు, వరసగా, ఒక్కదానికీ మడత నలగలేదు. మెడ పట్టీ తిప్పి చూసింది, లోపలివైపు ఎర్రదారంతో చిన్న పిట్ట. ప్రతిదానికీ పిట్ట. మనసు అక్కడినుంచి జారి ఎప్పటెప్పటి ఇళ్ళకో వెళ్ళింది. మేనల్లుడు వస్తాడని గోడలకి సున్నం వేయించిన మేనమామ ఇల్లు, బాగుంది అని తను రాసిన ఇల్లు, పదకొండు నెలలకి ఆ కుర్రాడే ఆ మేనమామ తల పగలగొట్టిన ఇల్లు. అప్పుడు సున్నం వాసనకి మోసపోయింది. ఇప్పుడు కొత్త గుడ్డ వాసన.

పిచ్చుకా ఈ పిల్లా ఒకే బడి, ఒకే బెంచీ. ఈ పిల్ల అప్పట్లో పొట్టిగా ఉండేది, పిచ్చుక ఈమె తల మీదుగా చూస్తూ మాట్లాడేదట. కట్టుబడి సగంలో ఆగిపోయిన ఒక భవనం, మూడో అంతస్తు, పిట్టగోడ లేదు. అక్కడికెక్కి కబుర్లు చెప్పుకోవడం వాళ్ళ అలవాటు. ఆ సాయంత్రం ఏదో మాట పట్టింపు. ఏ మాట అని పోలీసులు అడిగారు, జడ్జీ అడిగాడు, ఆఫీసరు తనూ అడిగింది. పిల్ల ఒకటే చెప్పింది, గుర్తులేదు మేడమ్, చెయ్యి మాత్రం గుర్తుంది. తోసింది. కింద లిఫ్టు కోసం తవ్వి వదిలేసిన గుంట, వాన నీళ్ళు. అంతవరకైతే పదహారేళ్ళ పిల్ల, కోపం, క్షణం, అని ఏ జడ్జీ అయినా కాస్త మెత్తబడేవాడే. మెత్తబడనివ్వనిది ఆ తరువాతి మూడు రోజులు. ఆ పిల్ల నేరుగా ఈ ఇంటికే వచ్చింది. పిచ్చుక ఏదీ అని తల్లి అడిగితే రాలేదా అంది. ఆ రాత్రి తోడుగా ఉండమంటే ఉండిపోయింది. మూడు రాత్రులు ఇదిగో ఈ మంచం మీదే పడుకుంది, పిచ్చుక గౌన్లే తొడుక్కుంది, తల్లితో కలిసి వీధి వీధీ తిరిగి వెతికింది, ఇంటికొచ్చాక ఆమె సూదుల్లోకి దారం ఎక్కించింది. నాలుగో రోజు తెల్లవారుతుండగా ఒక్కతే స్టేషనుకి నడిచి వెళ్ళి చెప్పింది, కాళ్ళకి చెప్పులైనా లేకుండా. ఆ కేసులో సాంఘిక విచారణ నివేదిక రాసింది ఈ ఆఫీసరే. నాలుగు పేజీలు రాసింది, అందులో అందరూ పట్టుకున్నది ఒక్క వాక్యమే: ఈ బాలికలో పశ్చాత్తాప లక్షణాలు కనబడలేదు. రాసిన రోజున ఆ వాక్యం చాలా నిబ్బరంగా ఉందనిపించింది. జడ్జీ దాన్ని తీర్పులో ఎత్తి రాసుకున్నాడు. హోమ్ డాక్టరు ఏటా నివేదికలో ఎత్తి రాశాడు. హాస్టలు వార్డెను దాని కిందే గీత గీసి తిప్పి పంపింది. ఒక్కసారి రాసిన మాట, ఎవరూ నీళ్ళు పోయకుండానే, ఫైల్లో తనంతట తాను పెరుగుతూ వచ్చింది.

వీధి వైపు కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డట్టు వెలుతురు తగ్గింది. పరదా అవతలినుంచి ఓ ఆడమనిషి "ఎవరూ, పిచ్చుకేనా? అప్పుడే వచ్చేశావా అమ్మాయ్?" అంది.

ఆఫీసరు పరదా తీసింది. చంకలో గుడ్డల సంచితో ఓ నడివయసు ఆవిడ, నవ్వుమొహం.

"అయ్యో, ఎవరో పెద్దవాళ్ళు. నీడ చూసి ఆ అమ్మాయే అనుకున్నానండీ. మిషనమ్మ లేదా?"

"బయటికెళ్ళింది, వస్తుంది. పిచ్చుక మీకు తెలుసా?"

"ఎక్కడండీ, మేమీ వీధిలోకొచ్చి రెండేళ్ళేగా. దూరాన హాస్టల్లో ఉండి చదువుకుంటోందటగా. మొన్న ఫోటో చూపించింది ఆవిడ. కాస్త చిక్కింది గానీ, ముక్కూ మొహం అచ్చం వాళ్ళమ్మే. మీరు బంధువులా?"

"ఆ" అంది ఆఫీసరు, ఇంకేమనాలో తోచక. ఆవిడ తన గౌను గురువారానికి కావాలని చెప్పమని వెళ్ళిపోయింది. ఫోటో. హోమ్‌లో పోయిన ఏడాది గుర్తింపు కార్డుల కోసం తీసిన ఫోటో అయి ఉంటుంది, ములాఖత్‌లో అడిగి తీసుకుని ఉంటుంది. ఏ పోలికా లేని మొహాల్లో రెండేళ్ళు పక్కన కాపురమున్న మనిషికి తల్లి పోలిక కనబడిందంటే, చెప్పేవాళ్ళు ఎంత గట్టిగా నమ్మి చెబుతున్నారో. వీధంతా పిచ్చుక కోసం ఎదురుచూస్తోంది. తొమ్మిది రోజుల్లోపు ఓ అమ్మాయి సంచి పట్టుకుని ఈ వీధి మలుపు తిరుగుతుంది, అందరూ పిచ్చుకా అంటారు, ఆ మెడ తిరుగుతుంది, అంతే, ఇక పోయినవాళ్ళెవరూ ఉండరు. ఉన్న ఒక్క పిల్ల మాత్రం ఎక్కడా ఉండదు.

రెండున్నర దాటింది. మిషను పక్కన గోడకి మేకు, మేకుకి తాడు, తాడుకి పాత వార్తాపత్రికల మీద కత్తిరించిన కొలతల కాగితాలు, ముందుభాగం వెనకభాగం చేతులు, గుత్తిగా వేలాడుతున్నాయి. చేతికి పని లేక ఒక్కొక్కటే తిప్పింది. నీలం పెన్సిలుతో ఒక్కోదాని మీద పిచ్చుక అనీ, పక్కన వయసూ రాసి ఉంది. పదహారు. ఆ వెనక పదిహేడు. పద్దెనిమిది. ఆమె గుండె కొంచెం నీరైంది. పోయిన కూతురు పెరుగుతున్నట్టు ఊహించుకుని ఏటేటా కాగితం కత్తిరించుకుంటోంది పాపం, ఏ తల్లి మాత్రం చేయదు? ఇది పిచ్చే కాని ఎవరికీ హాని చేసే పిచ్చి కాదు, అలాగే రాయొచ్చు. అలా అనుకుంటూనే చూస్తోంది. పదిహేడులో నడుము ఒక్కసారిగా రెండంగుళాలు లోపలికి పోయింది. ఊహలో పెరిగే కూతుర్ని ఏ తల్లయినా చిక్కిపోనిస్తుందా? పద్దెనిమిదిలో మళ్ళీ నిండింది, పొడుగు బాగా సాగింది. పందొమ్మిది కాగితం మీద భుజం దగ్గర చిన్న అక్షరాలు: ఎడమ అరంగుళం దిగువ. ఆఫీసరు ఫైలు తెరిచి వైద్యం పేజీ తీసింది. మొదటి సంవత్సరం, కామెర్లు, తొమ్మిది కిలోలు తగ్గింది. మూడో సంవత్సరం, స్నానాలగదిలో జారిపడి ఎడమ మెడ ఎముక విరిగింది, అతికాక భుజం కొద్దిగా వంగింది. మిషనమ్మ టేపు పెట్టి కొలవలేదు, కమ్మీల ఇవతలినుంచి కళ్ళతో కొలిచి తెచ్చుకుంది, నెలకి ఒక్కసారి, పావుగంటలో. ఇవి పోయినదాని కొలతలు కావు. బతికున్నదాన్ని, ఎముక విరుపుతో సహా, ఆ పేరు కింద కత్తిరించి పెట్టింది. తాడు చివర ఇరవై ఒకటి అని రాసిన కాగితం ఒకటుంది, ఇంకా కత్తెర పడలేదు.

కుర్చీలోకి వచ్చి కూలబడింది. రాయకూడదు అనుకుంది. ఈ ఇంటికి పంపమని రాయకూడదు. రాయకపోతే ఏడేళ్ళు పెద్ద జైలు. ఆ జైలూ ఆమెకి తెలుసు, అక్కడికి వెళ్ళిన ఇరవై ఒక్కేళ్ళవాళ్ళు తిరిగొచ్చేటప్పటికి ఎంత నెమ్మదిగా మాట్లాడతారో తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ నుయ్యీ గొయ్యీ తవ్వింది ఎవరు, తను కాదూ. ఆ వాక్యం లేకపోతే హాస్టలు తీసుకునేది. వాక్యం నిజం కాదా మరి? మూడు రోజులు. తిన్న అన్నం, తొడుక్కున్న గౌను. ఎవరికైనా ఒళ్ళు జలదరించదూ. అలా అనుకోగానే, ఎక్కడో అడుగున పడి ఉన్న ఓ పొద్దు, ఎవరికీ ఎప్పుడూ చెప్పనిది, తనంతట తానే పైకి తేలింది. తనకి తొమ్మిదేళ్ళు. సెలవులు. అమ్మమ్మ కాళ్ళ దగ్గర పడుకుని లేచి, అలవాటుగా పాదం పట్టుకుని ఊపితే పాదం చల్లగా ఉంది, ఊపిన చోటే ఆగింది. ఆ వయసుకి ఏమి తెలుస్తుంది అంటారు గానీ తెలిసింది. వంటింట్లోంచి అమ్మ, అమ్మమ్మ లేచిందా, అంటే, ఇంకా లేదు, అంది. పాలు తాగింది. వాకిట్లో గచ్చకాయలాడింది, గెలిచింది కూడా. మళ్ళీ అమ్మ అడిగితే, పడుకుంది, లేపొద్దంది, అని ఇంకొకటి చేర్చింది. మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో అమ్మమ్మ పడుకునే ఉంది, తను అలా ఉంచింది. ఆ రోజు ఎవరైనా ప్రొబేషన్ ఆఫీసరు వచ్చి తన మీద నాలుగు పేజీలు రాసి ఉంటే ఏమని రాసేది? పాలు తాగినది. ఆడుకున్నది. లక్షణాలు కనబడలేదు.

ఫైల్లో ఒక కాగితం ఉంది, ఆమె లెక్కలేనన్నిసార్లు చదివింది. ఆ భవనం ముందు బడ్డీకొట్టు పెట్టుకున్నవాడి వాంగ్మూలం. ఆ మూడు రోజుల్లో పెద్దావిడా ఆ పిల్లా రెండుసార్లు అటుగా వెళ్ళారనీ, రెండుసార్లూ పిల్ల భవనం ముందు ఆగి చూసిందనీ, మళ్ళీ ఏమీ చెప్పకుండా ఆవిడతో నడిచి వెళ్ళిపోయిందనీ. కోర్టులో కేసుని బిగించిన మేకు ఇదే. శవం ఉన్నచోట రెండుసార్లు ఆగి, తల్లి చెయ్యి పట్టుకుని ఉండి, నోరు మెదపలేదు. ఆఫీసరు మళ్ళీ చదివింది. ఆగింది. చూసింది. నడిచి వెళ్ళిపోయింది. పిల్ల మాటా, కొట్టువాడి మాటా, తన మాటా నిండిన ఆ వంద పేజీల్లో తల్లి మాట ఒక్కటి కూడా లేదు. చెయ్యి పట్టుకున్న తల్లి ఆ రెండుసార్లూ ఏమంది? ఎవరూ అడగలేదు. కడుపుకోత పడ్డ మనిషిని ప్రశ్నలేమడుగుతాం అని పోలీసులు అడగలేదు, వకీళ్ళు అడగలేదు, తనూ అడగలేదు. కాగితంలో ఆమె అభిప్రాయానికి గడి ఉంది గాని ఆమెకి ఏం తెలుసో రాయడానికి గడి లేదు.

మూడు కొడుతుండగా మిషనమ్మ వచ్చింది, చెమటలు తుడుచుకుంటూ, కాగితం ముందుకు చాపుతూ. "యజమాని ముందు నసిగాడమ్మా, కూతురు వస్తోందంటే పెట్టేశాడు."

ఆఫీసరు కాగితం అందుకోలేదు. "కూచోండి. ఒక్కటి అడుగుతాను. ఆ భవనం ముందు ఆ పిల్ల ఆగింది కదా, రెండుసార్లు. అప్పుడు మీరేమన్నారు?"

మిషనమ్మ కాగితాన్ని మిషను మీద పెట్టి, ఎగరకుండా కత్తెర పెట్టింది. తరువాత ఆమె మాట్లాడిన గొంతు అంతవరకూ మాట్లాడినది కాదు, దాచిన పెట్టెలోంచి తీసినట్టుంది.

"అక్కడేం లేదులే, పద, అన్నాను."

"రెండుసార్లూ?"

"రెండోసారి అది కాళ్ళు నేలకి తన్నిపెట్టి నిలబడిపోయింది. అమ్మా అని నోరు తెరిచింది. నేను రెక్క పుచ్చుకుని లాక్కొచ్చాను."

"మీకు తెలుసా?"

"మొదటి సాయంత్రమే. గుమ్మంలో దాని మొహం చూశాను. గౌనంతా సిమెంటు. ఇద్దరు వెళ్ళి ఒకళ్ళొస్తే తల్లికి తెలియదా అమ్మా? ఏదీ అని ఇంకోసారి అడిగితే చెప్పేసేది. అందుకే అడగలేదు. అది చెప్పబోయినప్పుడల్లా చేతికి సూదీ దారం ఇచ్చాను. అన్నం తినమన్నాను. నాకు తోడు పడుకో అన్నాను. అది చెప్పందాకా నా కూతురు ఇంకా ఎక్కడో ఉన్నట్టే. రాత్రుళ్ళు దాని మణికట్టు పట్టుకుని కూచున్నాను, లేచి వెళ్ళి ఎవరికైనా చెప్పేస్తుందేమోనని. మూడు రాత్రులు కన్ను మూయలేదు. నాలుగో పొద్దు ఈ మిషను మీదే తల వాల్చాను. ఎంతసేపు, పది నిమిషాలు. లేచేసరికి లేదు."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆఫీసరు అడగక తప్పని మాట అడిగింది. "ఆ నీళ్ళలో అమ్మాయి బతికి ఉండొచ్చని మీకు..."

"డాక్టరు రాశాడు కదమ్మా, పడగానే పోయిందని. ఆ కాగితం నా దగ్గర ఉంది. వారానికోసారి చదువుకుంటాను, మారిపోయిందేమోనని."

"ఇదంతా కోర్టులో ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు. అదీ చెప్పలేదు. అది ఒక్కమాట చెప్పుంటే నేను కాదనేదాన్ని కాదు. ప్రతి నెలా వెళ్ళినప్పుడు చూస్తాను, ఇవాళ అడుగుతుంది, ఎందుకమ్మా నన్ను ఆపావు అని. అడగదు. పిచ్చుకా అంటాను, ఊఁ అంటుంది. ఆ మూడు రోజులూ అయిపోలేదమ్మా మా ఇద్దరికీ. ఇక్కడికి పంపారంటే ఇక అయిపోవు కూడా." అంటూ ఆమె నవ్వబోయి, నవ్వలేక, తన ఒళ్ళో చేతుల్ని తనే ఒకదానితో ఒకటి పట్టుకుంది. తరువాత మెల్లగా, "రాయండి. నేను చెప్పినట్టే రాయండి. సంతకం పెడతాను" అంది.

"రాస్తే ఆ అమ్మాయి ఈ ఇంటికి రాదు. తెలుసా?"

"తెలుసు. మీరు అడిగినప్పుడే తెలిసింది."

ఆఫీసరు రాసింది. మిషనమ్మ చెప్పినది రెండు పేజీలు, ఒక్క మాట మార్చకుండా. మిషనమ్మ పెదవులు కదుపుతూ చదువుకుని సంతకం పెట్టింది. దాని వెనక ఆఫీసరు ఇంకో కాగితం తీసి తన మాట రాసింది. 'అయిదేళ్ళ క్రితం ఈ కేసులో నేను ఇచ్చిన నివేదికలో, బాలికకు పశ్చాత్తాపం లేదని రాసిన వాక్యం తప్పు. విచారించకుండా రాశాను. దానిని వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఇంటికి కాక, హాస్టలుకు విడుదల చేయవలసిందిగా సిఫారసు చేస్తున్నాను.' ఇంకో ఏడాదిలో ఉద్యోగం ముగుస్తుంది, ఇలాంటి కాగితం చేతులారా రాసుకున్నవాళ్ళని ఆమె ఎరగదు. పెన్ను ఆగలేదు. మర్నాడు బోర్డులో రిటైరైన జడ్జీ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి పెట్టాడు. హాస్టలు వార్డెను ఫోనులో పావుగంట మాట్లాడి సరే అంది. ఆరో రోజున ఆ పిల్ల సంతకం పెట్టి, ఫైల్లో ఉన్న తన పేరే పూర్తిగా పెట్టి, బైటికొచ్చింది. ఆఫీసరుకి సంజాయిషీ అడుగుతూ ఒక మెమో వచ్చింది. మిషనమ్మ మీద ఎవరూ ఏ చర్యా తీసుకోలేదు, ఆమె చేసినదానికి చట్టంలో పేరు లేదు.

కాని అదంతా తరువాత. ఆ మధ్యాహ్నం, మూడున్నరకి, ఫైలు చంకన పెట్టుకుని మెట్లు దిగి వీధిలోకి వచ్చాక, ఎండలో నిలబడే ఆమె హోమ్‌కి ఫోను చేసింది. ఎప్పుడో ఎవరో చెబితే ఆ పిల్ల వినడం వేరు, రాసిన తనే తన నోటితో చెప్పడం వేరు అనిపించింది. సూపరింటెండెంటు పిల్లని పిలిపించింది. ఫోను చేతులు మారిన చప్పుడు, తరువాత ఊపిరి.

"నేను నీ గురించి అప్పట్లో ఒక మాట రాశాను. అది తప్పమ్మా. ఇవాళ కొట్టేశాను" అంది ఆఫీసరు. "ఆ మూడు రోజులూ నువ్వు చెప్పబోతే ఆమె ఆపిందట. ఆమే చెప్పింది నాకు. రాసిచ్చింది కూడా."

ఆ పిల్ల ఏడుస్తుందనుకుంది, లేకపోతే, 'అయితే నన్ను వదిలేస్తారా' అని అడుగుతుందనుకుంది; అయిదేళ్ళు తనని విడిపించగల ఒకే ఒక్క సంగతిని నోట్లో పెట్టుకుని మింగకుండా ఉమ్మకుండా కూచున్న మనిషి ఇంకేం అడుగుతుంది.

"చెప్పేసిందా మేడమ్?" అంది ఆ పిల్ల, చాలా మెల్లగా.

"చెప్పేసింది."

"అయితే ఇప్పుడు ఆమె దగ్గర ఎవరున్నారు?"

ఆఫీసరు వెనక్కి తిరిగి చూసింది. తలుపు తీసే ఉంది, లోపల దీపం లేదు, కదలిక లేదు, మిషను చప్పుడు లేదు. బోర్డు ఆఫీసు ఇరవై నిమిషాల దూరం.

"నేనున్నాను" అంది ఫోనులో. అని, ఆ మాట అబద్ధం కాకముందే మెట్లెక్కి లోపలికి వెళ్ళింది.